మిస్టరీ నవల మీద చర్చ నడపడం ఎలా? ముడి విప్పకముందు ఒకసారి, విప్పాక మరోసారి

మిస్టరీ నవల గురించి మాట్లాడుకోవడానికి పుస్తక బృందం కూర్చున్నప్పుడు తరచూ జరిగేది ఇది. అందరూ పుస్తకం పూర్తి చేసి వస్తారు. హంతకుడెవరో అందరికీ తెలుసు. "నేను సగంలోనే కనిపెట్టాను" అని ఒకరంటారు. "నాకు చివరిదాకా అనుమానమే రాలేదు" అని ఇంకొకరంటారు. పావుగంట గడిచేసరికి మాటలు అయిపోతాయి. నిద్ర మానుకుని చదివిన పుస్తకం గురించి చెప్పుకోవడానికి ఇంతేనా ఉన్నది అనిపిస్తుంది.

ఇంతే కాదు, ఎంతో ఉంది. డిటెక్టివ్ నవలలో ముఖ్యమైన ప్రతి వాక్యాన్నీ రచయిత రెండు చూపుల కోసం రాస్తారు. గుట్టు తెలియనప్పుడు ఆ వాక్యానికి ఒక అర్థం, తెలిశాక మరో అర్థం. చివరి పేజీ దాటాక మాత్రమే కలుసుకునే బృందానికి మొదటి చూపు చేజారిపోతుంది. అనుమానాలు, తప్పుడు దారులు, ఒకరి వాదనతో ఇంకొకరు ఊగిసలాడటం, ఇవేవీ వారికి మిగలవు. అందుకే ఈ రకం పుస్తకాలకు నేను గట్టిగా సిఫారసు చేసే పద్ధతి ఒక్కటే: ఒక పుస్తకానికి రెండు సమావేశాలు పెట్టుకోండి. ముడి విప్పకముందు ఒకటి, విప్పాక ఒకటి. ఆ రెండింటినీ ఎలా నడపాలో కింద వరుసగా చెబుతాను.

1. పుస్తకం ఏ రకమో ముందు తేల్చుకోండి

మిస్టరీ, థ్రిల్లర్ అన్న మాటలను మనం కలిపేసి వాడుతుంటాం. చర్చ నడిపేవారికి మాత్రం ఆ తేడా స్పష్టంగా తెలియాలి. పుస్తకం పాఠకుణ్ని ఏ ప్రశ్నతో ముందుకు నడిపిస్తోందో చూస్తే తేడా తెలిసిపోతుంది. "ఎవరు చేశారు?" అని నడిపిస్తే అది సాంప్రదాయిక డిటెక్టివ్ నవల. నేరం ముందే జరిగిపోయింది, మనం వెనక్కి తవ్వుకుంటూ వెళ్తాం. "జరగబోయేదాన్ని ఆపగలరా?" అని నడిపిస్తే అది థ్రిల్లర్. అందులో ప్రమాదం ముందుంది. "ఎందుకు చేశారు?" అన్నదే ప్రధానమైతే అది మనస్తత్వం మీద నడిచే కథ.

నాలుగో రకం కూడా ఉంది. నేరం చేసిందెవరో మొదట్లోనే చూపించి, ఎలా పట్టుబడతారన్న దాని మీద కథంతా నడపడం. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో వెలువరించిన కథల సంపుటి "ద సింగింగ్ బోన్"లో ఈ పద్ధతి కనిపిస్తుంది. కథ మొదటి సగంలో నేరం మన కళ్ల ముందే జరుగుతుంది. రెండో సగంలో పరిశోధకుడు దాన్ని తవ్వి తీస్తాడు. ఇలాంటి పుస్తకాన్ని తీసుకుని "హంతకుడెవరో ఊహించండి" అంటే చర్చ మొదటి నిమిషంలోనే కుప్పకూలుతుంది.

కొత్తగా మొదలుపెట్టే బృందమైతే మొదటి రకంతో ప్రారంభించండి. మరీ లావుపాటి పుస్తకం వద్దు. పాత్రలు పది, పన్నెండు మించకుండా, జరిగే చోటు ఒకే ఇల్లో, ఓడో, చిన్న ఊరో అయితే ఎవరెక్కడున్నారో అందరికీ గుర్తుంటుంది. పొడవైన సిరీస్‌లో మధ్య పుస్తకాన్ని తీసుకోకండి. పాత పుస్తకాలు చదివినవారికి తెలిసిన సంగతులు మిగతావారికి తెలియక, మాట మాటికీ వివరణలు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

2. ఎక్కడ ఆగాలో ఒకరు నిర్ణయించాలి

ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. చర్చ నడిపేవారు అందరికంటే ముందే పుస్తకం పూర్తిగా చదివి, ఏ అధ్యాయం దగ్గర అందరూ ఆగాలో చెప్పాలి. పరిశోధకుడు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటం మొదలుపెట్టే ఘట్టానికి ముందు ఆగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా నవలల్లో దానికి ఒకటి రెండు అధ్యాయాల ముందే అనుమానితుల్లో సగం మంది జాబితా నుంచి తప్పుకుంటారు. కావలసిన ఆధారాలన్నీ బయటపడి ఉండాలి, కానీ వాటిని ఇంకా ఎవరూ ఒక వరుసలో పేర్చి ఉండకూడదు. మీరు వెతకాల్సిన చోటు అదే.

కొందరు రచయితలు ఈ పని మనకు చేసి పెట్టారు. ఎలరీ క్వీన్ అన్న పేరుతో ఇద్దరు రచయితలు కలిసి 1929 నుంచి నవలలు రాశారు. వాటిలో తొలినాటివాటిలో గుట్టు విప్పడానికి ముందు కథ ఆపి, ఆధారాలన్నీ ఇప్పుడు మీ చేతిలో ఉన్నాయి, కనిపెట్టండి అని పాఠకుడికి నేరుగా సవాలు విసిరారు. మీరు ఎంచుకున్న నవలలో అలాంటి పేజీ లేకపోయినా, ఉంటే ఎక్కడ ఉండేదో ఊహించుకోండి. ఆగాల్సిన చోటు దొరుకుతుంది.

చోటు చెప్పేటప్పుడు పేజీ సంఖ్య చెప్పకండి. ఒకరి దగ్గర పాత ముద్రణ ఉంటుంది, ఇంకొకరు ఫోనులో చదువుతుంటారు, మరొకరు ఆడియో వింటుంటారు. అధ్యాయం సంఖ్య, ఆ అధ్యాయంలోని చివరి వాక్యం చెప్పండి. "పద్దెనిమిదో అధ్యాయం, తోటమాలి గేటు మూసే వాక్యం దాకా" అంటే ఎవరికీ సందేహం ఉండదు. వెనక అట్ట మీది మాటలు, ముందుమాట కూడా చదవవద్దని చెప్పండి. పేరున్న నవలల ముందుమాటల్లో గుట్టు బట్టబయలు చేసేవి తక్కువేమీ కాదు.

3. చదువుతూ నాలుగు సంగతులు రాసుకోమనండి

ప్రతి ఒక్కరూ ఒక కాగితం పుస్తకంలోనే పెట్టుకోవాలి. అందులో నాలుగు గడులు: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఈ సంగతి మనకు ఎవరు చెప్పారు. మొదటి మూడూ ఎవరైనా రాసుకుంటారు. అసలు పట్టు నాలుగో గడిలో ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. రాత్రి పది గంటలకు కారు వెళ్లిపోయిన చప్పుడు విన్నానని వంటమనిషి పోలీసులకు చెప్పింది అనుకుందాం. చాలామంది కాగితం మీద "పదికి అతను కారులో వెళ్లిపోయాడు" అని రాసుకుంటారు. నిజంగా మనకు తెలిసింది అది కాదు. చప్పుడు విన్నానని ఆమె చెప్పింది, అంతే. ఆ కారు అతనిదేనా? నడిపింది అతనేనా? ఆమె గడియారం సరైన సమయమే చూపిస్తోందా? ఆమె నిజమే చెబుతోందా? "ఎవరు చెప్పారు" అన్న గడి నింపినప్పుడు ఈ ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. డిటెక్టివ్ నవలలో సగం మాయ ఇక్కడే జరుగుతుంది. ఒక పాత్ర చెప్పిన మాటను కథకుడు చెప్పిన నిజంగా మనమే మనసులో మార్చేసుకుంటాం.

మరీ విసుగుగా అనిపించేంత వివరంగా రాయమని బలవంతపెట్టకండి. చదవడం చదువులా మారిపోకూడదు. అధ్యాయానికి రెండు మూడు వాక్యాలు చాలు.

4. మొదటి సమావేశం: ఊహలను కాగితం మీద పెట్టాకే నోరు విప్పండి

అందరూ రాగానే మాటలు మొదలుపెట్టకండి. తలా ఒక చీటీ ఇచ్చి మూడు సంగతులు రాయమనండి: ఎవరు చేశారు, ఎలా చేశారు, అలా అనుకోవడానికి పుస్తకంలో కనిపించిన ఒక్క ఆధారం. మడిచి ఒక కవరులో వేసి మూసేయండి. చీటీలు రాయకముందే చర్చ మొదలైతే, గట్టిగా మాట్లాడేవారి అనుమానమే పది నిమిషాల్లో అందరి అనుమానమూ అయిపోతుంది. నెమ్మదిగా మాట్లాడే మనిషి పట్టుకున్న మంచి ఆధారం ఆ గోలలో కొట్టుకుపోతుంది.

తర్వాత ఒక్కో అనుమానితుణ్ని ఒక్కొక్కరికి అప్పగించండి. ఆ మనిషే హంతకుడని వాదించాలి, తనకు నమ్మకం ఉన్నా లేకపోయినా సరే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మిగతావాళ్లు ఆ వాదనలోని లోపాలు చూపాలి, అది కూడా పుస్తకంలోని చోటు చూపించి. "నాకలా అనిపిస్తోంది" అన్నది ఇక్కడ చెల్లదు, "ఏడో అధ్యాయంలో ఆమె చేతికి కట్టు ఉంది" అన్నది చెల్లుతుంది. మీరే ఆశ్చర్యపోతారు. ఎవరూ అనుమానించని ముసలి డాక్టరు మీద కూడా ఐదు నిమిషాల్లో గట్టి కేసు తయారవుతుంది. ఆంథొనీ బెర్క్‌లీ 1929లో రాసిన "ద పాయిజన్డ్ చాక్లెట్స్ కేస్" నవల మొత్తం ఇదే పని మీద నడుస్తుంది. ఒక క్లబ్బులోని ఆరుగురు సభ్యులు ఒకే హత్యకు తలా ఒక పరిష్కారం చెబుతారు. ఒక్కొక్కరు చెబుతున్నప్పుడు అదే నిజమనిపిస్తుంది. ఉన్న ఆధారాలతో ఒకటికి మించిన కథలు అల్లవచ్చని బృందానికి స్వయంగా అనుభవంలోకి రావడం కన్నా మంచి పాఠకశిక్షణ నాకు తెలియదు.

నడిపేవారికి ఒక జాగ్రత్త. జవాబు మీకు తెలుసు కాబట్టి మీ ముఖమే పెద్ద ఆధారం. ఎవరైనా సరైన దారిలోకి రాగానే మీరు ముందుకు వంగినా, చప్పున మాట మార్చినా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే. అందుకే ఆ సమావేశంలో రాత పని మీరు పెట్టుకోండి. ప్రతి వాదననూ తల వంచుకుని ఒకే తీరుగా రాసుకుంటూ పోండి. ఆగలేక చివరిదాకా చదివేసిన సభ్యులు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వారిని మందలించకండి, ఇంటికి పంపేయకండి. సమయం చూసే పని, వాదనలు చదివి వినిపించే పని వారికి అప్పగించండి.

గంటన్నరకు మించనివ్వకండి. ఇంకా మాట్లాడాలని ఉండగానే ముగిస్తే మంచిది. మిగిలిన అధ్యాయాలు చదవడానికి వారం కంటే ఎక్కువ గడువు ఇస్తే ఉత్సాహం చల్లారిపోతుంది.

5. రెండవ సమావేశం: చివరి నుంచి మొదటికి నడవండి

కవరు తెరవండి. చీటీలు చదవండి. గెలిచినవారిని పొగడండి, నవ్వుకోండి. ఇందుకు పది నిమిషాలు ఇచ్చి, ఆ తర్వాత అందరినీ మొదటి అధ్యాయాలకు తిప్పండి. అడగాల్సిన ప్రశ్న: "ఇది మన కళ్ల ముందే ఉన్నప్పుడు మనం ఎందుకు చూడలేదు?"

ఎలా చేయాలో ఒక చిన్న నమూనా ఇస్తాను, ఈ వాక్యాలు ఈ వ్యాసం కోసం రాసినవి. రెండో అధ్యాయంలో ఇలా ఉందనుకోండి: "అతను బల్ల మీద తాళాల గుత్తి, కళ్లజోడు, మడిచిన వార్తాపత్రిక పడేసి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడే మేడ మీద ఏదో భళ్లున పగిలింది." యాభై పేజీల తర్వాత అదే మనిషి పోలీసులతో అంటాడు: "ఆ ఉత్తరంలో ఏముందో నాకెలా తెలుస్తుందండీ? ఆ రాత్రి కళ్లజోడు ఆఫీసులోనే మరిచిపోయి వచ్చాను."

ఈ రెండు చోట్లనూ ఎవరితోనైనా బిగ్గరగా చదివించండి. తర్వాత మొదటి వాక్యం దగ్గరే ఉండిపోండి. కళ్లజోడు మూడు వస్తువుల వరుసలో మధ్యన ఉంది. వరుసలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యది జారిపోతుంది. మూడూ జేబుల్లోంచి, చేతుల్లోంచి తీసి పెట్టే మామూలు వస్తువులే, కాబట్టి ఏదీ ప్రత్యేకంగా కనిపించదు. వాక్యం "కూలబడ్డాడు" దగ్గర ముగుస్తుంది కనుక మన ధ్యాస అలసిపోయిన మనిషి మీదికి పోతుంది, బల్ల మీదికి పోదు. ఆ వెంటనే మేడ మీద చప్పుడు. పాఠకుడు బల్లను వదిలేసి మెట్లెక్కేస్తాడు. ఒక్క వాక్యంలో ఆధారాన్ని మన చేతిలో పెట్టి, మరుక్షణం మన కళ్లు కప్పేశారు. అయినా అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఇలాంటి చోట్లు ప్రతి సభ్యుడూ ఒకటి వెతికి తేవాలని ముందే చెప్పండి. కొన్ని బృందాలు కలిసి చదివాక ఆధారాలు దాచే తీరులు ఎలా ఉంటాయో వాటంతట అవే పోల్చుకోగలుగుతాయి. హాస్యంలో దాచడం ఒకటి. అందరూ నవ్వే మాటను ఎవరూ అనుమానించరు. వాగుడుకాయ పాత్ర నోట చెప్పించడం మరొకటి. ఆమె చెప్పే పది సంగతుల్లో తొమ్మిది పనికిరానివి కావడంతో పదోదాన్ని కూడా వదిలేస్తాం. ఆధారానికి తప్పుడు వివరణను వెంటనే అంటించేయడం అన్నిటికన్నా శక్తిమంతమైనది. బురద అంటిన చెప్పులు కనిపిస్తాయి, ఆ పక్క వాక్యంలోనే తోటలో పని చేశానని ఎవరో అంటారు. మనసుకు జవాబు దొరికింది కాబట్టి ప్రశ్న మాయమవుతుంది.

గుట్టు తెలిసిన పుస్తకాన్ని మళ్లీ తిరగేయడంలో ఏం ఆనందం ఉంటుందని ఎవరైనా అడిగితే, ఒక సంగతి చెప్పండి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. పన్నెండు కథలతో ప్రయోగం చేశారు, వాటిలో మిస్టరీ కథలూ ఉన్నాయి. ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథలను మరింతగా ఇష్టపడ్డారని తేలింది. 2015లో వచ్చిన మరో అధ్యయనం దీనికి భిన్నమైన ఫలితం చూపించింది కాబట్టి దీన్ని తిరుగులేని సత్యంగా పట్టుకోనక్కరలేదు. ముగింపు ముందే చెప్పేయడానికి ఇది అనుమతి పత్రం అంతకన్నా కాదు. తెలిశాక చదవడంలోనూ ఒక సుఖం ఉందనడానికి ఇది చాలు. ఆ సుఖం కోసమే రెండవ సమావేశం.

6. రచయిత ఆట న్యాయంగా ఆడారా?

ఈ ప్రశ్న వేసి చూడండి, ఎప్పుడూ మాట్లాడనివారు కూడా మాట్లాడతారు. మోసపోయామన్న కోపం, మెప్పుకోలు రెండూ ఇక్కడ బయటికొస్తాయి.

కొలవడానికి ఒక కొలబద్ద ఉంటే కోపం వాదనగా మారుతుంది. పాత కొలబద్దలు రెండున్నాయి. ఎస్.ఎస్. వాన్ డైన్ అనే కలం పేరుతో రాసిన అమెరికా రచయిత 1928లో డిటెక్టివ్ కథలకు ఇరవై నియమాలు ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు, రచయిత కూడా, పది నియమాలు రాశారు. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనిపించాలి, అతీంద్రియ శక్తులు పనికిరావు, రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపాలి, ముందుగా సూచన లేకుండా కవల సోదరులు ఊడిపడకూడదు, ఇలా సాగుతాయవి. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్‌లో చేరే రచయితలు ఈ తరహా నియమాల మీద ఏకంగా ప్రమాణమే చేసేవారు.

వీటిని చట్టంగా కాక, గీటురాయిగా వాడండి. మీరు చదివిన నవల ఏ నియమాన్ని దాటిందో చూసి, దాటడం వల్ల పాఠకుడికి అన్యాయం జరిగిందా, కొత్త ఆనందం కలిగిందా అని అడగండి. అగాథా క్రిస్టీ 1926లో ప్రచురించిన "ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్" విషయంలో సరిగ్గా ఈ వాదనే చెలరేగింది. చదవనివారికి అన్యాయం చేయలేను కాబట్టి అందులో ఏముందో ఇక్కడ చెప్పను. న్యాయం గురించి మీ బృందం ఒక్క పుస్తకం మీదే వాదించుకోవాలంటే మాత్రం ఆ పుస్తకమే తీసుకోండి.

దానికి జతగా ఇంకో పని చేయవచ్చు. పరిశోధకుడు చెప్పిన పరిష్కారం నిజంగా నిలబడుతుందా అని పరీక్షించండి. పియర్ బయార్ అనే ఫ్రెంచ్ సాహిత్య ఆచార్యుడు 1998లో క్రిస్టీ రాసిన ఆ నవల మీదే ఒక పుస్తకం రాసి, డిటెక్టివ్ పొరపడ్డాడని, అసలు హంతకుడు వేరొకరని వాదించారు. మీ బృందం అంత దూరం వెళ్లనక్కరలేదు. "ఈ కేసు న్యాయస్థానానికి వెళ్తే శిక్ష పడుతుందా?" అని అడిగి చూడండి. ఎన్నో నవలల్లో హంతకుడు అందరి ముందూ ఒప్పేసుకోవడం వల్లే కేసు తేలుతుందని, ఆ ఒప్పుకోలు లేకపోతే చేతిలో ఉన్నవి ఊహలేనని అప్పుడు తెలుస్తుంది.

7. థ్రిల్లరైతే పద్ధతి మార్చండి

థ్రిల్లర్‌కు పై పద్ధతిని ఉన్నదున్నట్టుగా వాడితే పని జరగదు. అక్కడ దాచిన జవాబు కన్నా కాలం ముఖ్యం. ఎవరికి ఏం తెలుసన్నది ముఖ్యం.

ఉత్కంఠ సినిమాలకు పేరుపొందిన దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణలో చెప్పిన ఉదాహరణతో మొదలుపెట్టండి. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉందని మనకు తెలియకుండా అది పేలితే కొన్ని క్షణాల ఉలికిపాటు. బాంబు ఉందని, ఎన్నింటికి పేలుతుందో మనకు ముందే తెలిస్తే, అదే పిచ్చాపాటీ పదిహేను నిమిషాలపాటు ఊపిరి సలపనివ్వదు.

ఇది విన్నాక మీ నవలలో ఒక ఘట్టం తీసుకుని మూడు ప్రశ్నలు వేయండి. పాఠకుడికి తెలిసి నాయకుడికి తెలియనిది ఏమిటి? నాయకుడికి తెలిసి పాఠకుడికి చెప్పనిది ఏమిటి? ప్రతినాయకుడికి మాత్రమే తెలిసింది ఏమిటి? ఉత్కంఠ ఎక్కడ పుట్టిందో, ఎక్కడ సడలిందో ఈ మూడింటితో పట్టుబడుతుంది. ఒక అధ్యాయం చివరి అర పేజీ బిగ్గరగా చదివించి, ఇక్కడ పుస్తకం మూసి పడుకోగలరా అని అందరినీ అడగండి. పడుకోలేమంటే ఏ వాక్యం వల్లో చూపించమనండి.

యాదృచ్ఛిక సంఘటనలను కూడా లెక్కపెట్టించండి. అనుకోకుండా జరిగినది నాయకుణ్ని చిక్కుల్లో పడేస్తే పాఠకుడు క్షమిస్తాడు. చిక్కుల్లోంచి బయట పడేస్తే క్షమించడు. ఎన్ని థ్రిల్లర్ల చివరి యాభై పేజీలు ఈ ఒక్క కారణంగా నీరుగారిపోతాయో మీకే తెలుస్తుంది. థ్రిల్లర్‌కు సగంలో ఒక సమావేశం పెట్టాలనుకుంటే, "తర్వాత ఏం జరుగుతుంది" అని అడగకండి, "మీరు ఎవరి గురించి భయపడుతున్నారు" అని అడగండి. ఎవరి గురించీ భయం లేదని సగం మంది అంటే, ఆ నవల ఎక్కడ విఫలమైందో మీకు అప్పుడే తెలిసిపోయినట్టే.

8. చనిపోయిన మనిషిని మరిచిపోకండి

నాకు ఈ విషయం మీద గట్టి పట్టుదల ఉంది. రెండు గంటలు చర్చించుకుని, హతురాలి పేరు ఒక్కసారి కూడా పలకని బృందాలు ఉన్నాయి. శవం కథకు తలుపు తెరిచే తాళంచెవిగా మిగిలిపోతుంది. రెండవ సమావేశంలో కనీసం పావుగంట ఆ మనిషికి ఇవ్వండి. చనిపోకముందు ఆమె ఎవరు? ఆమె లేనందుకు ఈ నవలలో నిజంగా ఏడ్చింది ఎవరు? రచయిత ఆమెకు ఒక కోరికైనా, ఒక అలవాటైనా ఇచ్చారా, లేక గాయాల వర్ణనతో సరిపెట్టారా? మంచి నవలకూ పొద్దుపోని నవలకూ తేడా చాలాసార్లు ఈ జవాబుల్లోనే తేలిపోతుంది.

దీనికి ఆనుకునే ఇంకో ప్రశ్న ఉంది. అనుమానం ముందుగా ఎవరి మీద పడింది? ఊరికి కొత్తవారు, పేదవారు, పనివారు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, వీరి మీదేనా? రచయిత ఆ దురభిప్రాయాన్ని వాడుకుని మనల్ని తప్పుదారి పట్టించి, చివరికి సిగ్గుపడేలా చేశారా? లేక తానూ దాన్నే నమ్మి నడిచారా? మొదటి సమావేశంలో మీరు రాసుకున్న వాదనలను ఇప్పుడు బయటికి తీయండి. బృందం తన అనుమానాలను తానే చూసుకోవడానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

హింస గురించి ముందే మాట్లాడుకోవాలి. పుస్తకం ప్రకటించేటప్పుడే అందులో పిల్లల మీద హింస, లైంగిక హింస, ఆత్మహత్య వంటివి ఉంటే ఆ మాట చెప్పేయండి. కథ చెడిపోకుండా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అలాంటి బాధ సొంత జీవితంలో పడినవారు మీ మధ్యే ఉండవచ్చు, ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు. ఒకరు ఈ నెల రానంటే కారణం అడగకండి. చర్చ మధ్యలో ఎవరైనా మౌనంగా ఉండిపోతే వారిని పేరు పెట్టి పిలిచి మాట్లాడించకండి.

9. చర్చ దారి తప్పే చోట్లు

సినిమా చూసివచ్చినవారు సినిమా గురించి మాట్లాడతారు. సినిమాను పూర్తిగా నిషేధించనక్కరలేదు. చివరి పది నిమిషాలు దానికి కేటాయిస్తామని ముందే చెబితే సరిపోతుంది. ఇతర నవలల ముగింపులను ఉదాహరణగా చెప్పడం మాత్రం నిషేధించండి. ఒక పుస్తకం గురించి మాట్లాడుతూ నాలుగు పుస్తకాల గుట్టు విప్పేసే ఉత్సాహవంతులు ప్రతి బృందంలోనూ ఉంటారు. పేరు చెప్పబోయే ముందు "ఇది చదవనివారున్నారా?" అని అడగడం అందరికీ అలవాటు కావాలి.

"మీకు నచ్చిందా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. అవును, కాదు అన్నాక ఎవరి అభిప్రాయం దగ్గర వారు గిరి గీసుకుని కూర్చుంటారు. "ఏ పేజీలో మీరు మనసు మార్చుకున్నారు?" అని అడగండి. దానికి జవాబు చెప్పాలంటే పుస్తకం తెరవాల్సిందే. బృందం పెద్దదైపోయి పన్నెండు మంది దాటితే మొదటి సమావేశాన్ని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు వాదనలను ఇంకొక జట్టుకు వినిపించండి. రెండు జట్లూ వేర్వేరు మనుషులను పట్టుకుని వచ్చినప్పుడు ఆ గదిలో పుట్టే వేడి చూడాల్సిందే.

10. తర్వాతి పుస్తకానికి

వరుసగా ఒకే రకం పుస్తకాలు తీసుకోకండి. మూడు నవలలు ఒకే అచ్చులో చదివితే, అందరికంటే తక్కువ అనుమానం కలిగించేవారే హంతకులని పేజీలు తిప్పకుండానే చెప్పేయడం అలవాటవుతుంది. ఒక డిటెక్టివ్ నవల తర్వాత, నేరస్థుణ్ని ముందే చూపించే నవల పెట్టండి. ఆ తర్వాత ఒక థ్రిల్లర్. నడుమ ఒకసారి కథానికకు చోటివ్వండి. ఎడ్గార్ అలెన్ పో 1841లో రాసిన "ద మర్డర్స్ ఇన్ ద ర్యూ మోర్గ్" కథతోనే ఆధునిక డిటెక్టివ్ కథ మొదలైందని సాధారణంగా లెక్కిస్తారు. దాన్ని ఒక్క సమావేశంలోనే, గుట్టుకు ముందు ఆపి, మాట్లాడుకుని, అక్కడే మిగతాది చదివి ముగించవచ్చు.

నడిపే బాధ్యతను ప్రతి పుస్తకానికీ మార్చండి. ముందే జవాబు తెలుసుకుని మౌనంగా కూర్చోవాల్సిన పని ఎప్పుడూ ఒకరి మీదే పడితే, వారికి ఊహించే సరదా ఏనాటికీ దక్కదు. మొదటి సమావేశంలోని వాదనల కాగితం, తెరిచిన చీటీలు ఒక ఫైలులో పెట్టి, పుస్తకం పేరు, తేదీ రాసి, తర్వాత నడపబోయేవారికి ఇచ్చేయండి. ఆగాల్సిన అధ్యాయాన్ని ఎలా వెతకాలో పక్కన కూర్చుని ఒకసారి చూపించండి. ఆ ఒక్క పని మాత్రం కాగితం మీద చదివితే పూర్తిగా పట్టుబడదు.